మోనా అడిగిన ఫిల్మ్ రోల్స్

1989లో దయానితా సింగ్ అనే యువ ఫోటోగ్రాఫర్‌కి లండన్ 'టైమ్స్' పత్రిక ఒక పని అప్పగించింది. ఢిల్లీ హిజ్రాల మీద ఫోటోలు కావాలి. ఆమె పాత ఢిల్లీకి వెళ్లి మోనా అహ్మద్ అనే హిజ్రాని కలిశారు. మోనా సరేనన్నారు, ఫోటోలు దిగారు. తర్వాత మాటల్లో ఇవి లండన్‌లో అచ్చవుతాయని తెలిసింది. అక్కడ మోనా బంధువులున్నారు, వాళ్ల కంట పడకూడదు. తీసిన రోల్స్ నాకు ఇచ్చెయ్ అని అడిగారు. దయానిత ఇచ్చేశారు. మోనా వాటిని చెత్తబుట్టలో పడేశారు.

మన బ్యాచ్‌లో ఫిల్మ్ రోల్ చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువ కాబట్టి ఒక మాట. ఒక రోల్ అంటే మామూలుగా 36 ఫోటోలు. కడిగేదాకా ఏం వచ్చిందో తీసినవాళ్లకి కూడా తెలీదు. బ్యాకప్ లేదు, క్లౌడ్ లేదు. ఆ రోల్ చెత్తలో పడిందంటే ఫోటో అనేది ఇక ప్రపంచంలో ఎక్కడా లేదు. దయానిత పోగొట్టుకున్నది చిన్న విషయమేం కాదు. విదేశీ పత్రిక ఇచ్చిన పని, అది కూడా కెరీర్ మొదట్లో. అప్పటికి ఆమెది ఒకే పుస్తకం, తబలా జాకిర్ హుస్సేన్ మీద 1986లో వచ్చినది.

కానీ రోల్స్ ఇచ్చేశాకే ఇద్దరూ స్నేహితులయ్యారు. పన్నెండేళ్ల తర్వాత, 2001లో, 'మైసెల్ఫ్ మోనా అహ్మద్' అనే పుస్తకం స్విట్జర్లాండ్‌లోని స్కాలో అనే సంస్థ నుంచి వచ్చింది. 2022లో దయానితకి హాసెల్‌బ్లాడ్ అవార్డు వచ్చింది. ఫోటోగ్రఫీ ప్రపంచంలో అది చాలా పెద్ద గుర్తింపు. ఆమె గురించి ఎవరు రాసినా మోనా పుస్తకం దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లరు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, ఈసారి ఫెస్ట్ ఫోటో ఎగ్జిబిషన్ థీమ్ 'అంచున ఉన్నవాళ్లు'. థీమ్ ప్రకటించిన రోజే మా హాస్టల్ ఫ్లోర్‌లో ముగ్గురు వేర్వేరుగా ఒకే ఐడియా చెప్పారు: "హిజ్రాల మీద చేద్దాం రా, ఫోటోలు బాగా వస్తాయి." బాగా వస్తాయి అంటే? ముదురు రంగు చీర, లిప్‌స్టిక్, చప్పట్లు కొడుతున్న చేతులు, అద్దం ముందు మేకప్, చివర్లో ఒక క్లోజప్ కన్నీటి చుక్క. ఈ ఐదు ఫోటోలూ ఇంటర్నెట్‌లో ఇప్పటికే వేలల్లో ఉన్నాయి. తమిళనాడులో కూవాగం అనే ఊరుంది. ఏటా చిత్తిరై నెలలో అక్కడ హిజ్రాలు అరవాన్ దేవుణ్ణి పెళ్లి చేసుకుంటారు, మర్నాడు తాళి తెంచుకుని వితంతువుల్లా ఏడుస్తారు. ఆ ఏడుపు చుట్టూ కెమెరాలు గుమిగూడతాయి. పండగ అయిపోయాక ఆ మనిషి ఏ బస్సెక్కి, ఏ గదికి వెళ్లి, ఏం వండుకుందో చూపించే ఫోటో కోసం వెతికి చూడండి, కష్టపడతారు.

ముందు పదాల సంగతి తేల్చుకుందాం. ట్రాన్స్‌జెండర్ అన్నా హిజ్రా అన్నా ఒకటే అని మనలో చాలామంది అనుకుంటారు. ట్రాన్స్‌జెండర్ అనేది పెద్ద మాట, అందులో ట్రాన్స్ పురుషులు కూడా ఉంటారు. హిజ్రా అనేది ఒక సమాజం. దానికి గురువు, చేలా అనే బంధం ఉంది, ఘరానాలున్నాయి, చేరడానికి పద్ధతి ఉంది. ఇంట్లోంచి బయటికొచ్చిన మనిషికి గురువే అమ్మ, తోటి చేలాలే అక్కచెల్లెళ్లు. బిడ్డ పుట్టినా, గృహప్రవేశమైనా, కొత్త షాపు పెట్టినా వచ్చి దీవించి డబ్బులు తీసుకోవడాన్ని బధాయి అంటారు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసు తీర్పులో వీళ్లని థర్డ్ జెండర్‌గా గుర్తించింది. ఇక మన సినిమాల్లో కామెడీకి వాడే మాటలు మీకు తెలుసు, వాటిని ఇక్కడ రాయను.

రాయడానికి కూర్చున్నప్పుడు నాకొచ్చిన పెద్ద సమస్య క్రియాపదం. (ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మాది, కాబట్టి నా తెలుగుని కొంచెం ఓర్చుకోండి.) ఇంగ్లీషులో పేచీ అంతా సర్వనామం దగ్గరే. తెలుగులో క్రియ కూడా లింగం చెప్పేస్తుంది: వచ్చాడు, వచ్చింది. పైగా 'వచ్చింది' అనేది మనిషికీ బస్సుకీ ఒకటే. కానీ గౌరవంగా 'వచ్చారు' అన్నామనుకోండి, ఆడా మగా అనే ప్రశ్న క్రియలోంచే మాయమైపోతుంది. మర్యాద ఇస్తే చాలు, మన వ్యాకరణం ఇంకేం అడగదు! అందుకే ఈ వ్యాసంలో మోనా ఎక్కడ కనిపించినా క్రియ ఇలాగే ఉంటుంది.

ఇక అసలు పాఠానికి వద్దాం. హిజ్రాలని చూసి, రాసి పెట్టుకోవడం అనేది మన దగ్గర కళగా మొదలవలేదు, పోలీసు పనిగా మొదలైంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో రెండో భాగం పూర్తిగా వీళ్ల గురించే. అనుమానం ఉన్నవాళ్ల పేరు, చిరునామా రిజిస్టర్‌లో ఎక్కించాలి. రిజిస్టర్‌లో ఉన్న మనిషి ఆడ బట్టలతో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా, వారంట్ లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. సరిగ్గా ఆ కాలంలోనే, 1868 నుంచి 1875 మధ్య, ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫోటోల పుస్తకం వేసింది. దేశంలోని మనుషుల్ని కులాలుగా, తెగలుగా, రకాలుగా విడగొట్టి, ఒక్కో రకానికి ఒక్కో నమూనా ఫోటో. కంప్యూటర్ సైన్స్ వాళ్లం కాబట్టి మన భాషలో చెప్పాలంటే, రిజిస్టర్ ఒక టేబుల్, ఫోటో అందులో ఇంకో కాలమ్. ఆ రికార్డు ఎవరి గురించో వాళ్లకి దాన్ని చూసే హక్కు గానీ, మార్చే హక్కు గానీ లేదు.

ఇది బ్రిటిష్ ఇండియా సంగతే అనుకోకండి. నిజాం రాజ్యంలో కూడా ఫసలీ 1329లో, అంటే మన లెక్కలో 1919లో, ఇలాంటి చట్టమే వచ్చింది. హైదరాబాద్ నగరంలో ఉండేవాళ్లకి రిజిస్టర్, ఆడ బట్టలు వేసుకుంటే అరెస్టు, రెండేళ్ల వరకు జైలు. స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం 'తెలంగాణ యూనక్స్ యాక్ట్' అనే పేరుతో పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జూలైలో. ఇంకోసారి చదవండి, 2023. అప్పటికి మనం స్కూల్లో ఉన్నాం.

ఈ చరిత్ర పక్కన పెట్టి చూస్తే, రోల్స్ వెనక్కి అడగడం మోనా మొండితనంలా కనిపిస్తుంది. పక్కన పెట్టకుండా చూస్తే, నా రికార్డు నాకివ్వు అని అడగడం అది.

పుస్తకం దగ్గరికి వద్దాం. ఫోటోలు బ్లాక్ అండ్ వైట్. పుస్తకంలో సగం బరువు మాత్రం అక్షరాలది, ఆ అక్షరాలు ఫోటోగ్రాఫర్‌వి కావు. ప్రచురణకర్త వాల్టర్ కెల్లర్‌కి మోనా ఈమెయిల్స్ పంపేవారు, తను చెప్తుంటే టైప్ చేయించి. ఆ ఈమెయిల్సే పుస్తకంలో కథ. డాక్యుమెంటరీ పుస్తకాల్లో ముందు ఒక ప్రొఫెసర్ గారి ముందుమాట, తర్వాత ఫోటో కింద 'ఒక హిజ్రా, ఢిల్లీ' అని ఒక లైన్ ఉండటం మామూలు. ఇక్కడ పేరే టైటిల్. 'మైసెల్ఫ్' అని మొదలవుతుంది కాబట్టి అట్ట మీదే మాట్లాడేది ఎవరో తెలిసిపోతుంది.

ఆ ఫోటోల్లో నన్ను ఎక్కువ పట్టుకున్నది పిల్లల వ్యవహారం. మోనా ఆయెషా అనే పాపని పెంచుకున్నారు. పుట్టినరోజులు ఎంత ఘనంగా చేశారంటే మన వైపు పెళ్లిళ్లు కూడా చిన్నబోతాయి. ఊళ్ల నుంచి హిజ్రాలు తరలి వచ్చారు, రోజుల తరబడి విందులు. హిజ్రా అనగానే మనం అవతలివాళ్ల ఇంట్లో బిడ్డ పుడితే దీవించడానికి వచ్చే మనిషినే ఊహిస్తాం. ఇక్కడ ఆ మనిషి ఇంట్లోనే బిడ్డ ఉంది. పాపని ఎత్తుకున్న మోనాని చూస్తుంటే ఫోటోలో 'థర్డ్ జెండర్' ఎక్కడా గుర్తురాదు, ఒక ముద్దుచేసే తల్లి గుర్తొస్తుంది.

తర్వాత ఆ బిడ్డ మోనాకి దూరమైంది. గురువుతో, తోటివాళ్లతో సంబంధాలు చెడ్డాయి. మోనా ఢిల్లీలోనే మెహెందియాన్ అనే ఖబరస్తాన్‌లోకి వెళ్లి, సమాధుల మధ్య ఇల్లు కట్టుకుని, జంతువుల్ని పెంచుకుంటూ ఉండిపోయారు. అంటే సమాజం వెలివేసినవాళ్ల సమాజంలోంచి కూడా బయటికొచ్చేశారు. పుస్తకం దీన్ని దాచదు. హిజ్రా సమాజాన్ని ప్రేమగల పెద్ద కుటుంబంగా మాత్రమే చూపించి ఉంటే అందరికీ హాయిగా ఉండేది. అందులోనూ పెత్తనాలు, అలకలు, తాగుడు, ఒంటరితనం ఉన్నాయి. మన ఇళ్లలో లేవా? మంచి ఫోటోల వరసకి ఇది నాకు కనిపించిన గుర్తు. జాలి పడదామని కూర్చున్నవాడికి మధ్యలో మోనా మీద కోపం కూడా వస్తుంది.

(అరుంధతీ రాయ్ 2017 నవల 'ది మినిస్ట్రీ ఆఫ్ అట్‌మోస్ట్ హ్యాపీనెస్' చదివినవాళ్లకి అంజుమ్ గుర్తొచ్చే ఉంటుంది. ఆమె కూడా పాత ఢిల్లీ హిజ్రా, ఒక పాపని పెంచుకుంటుంది, ఖబరస్తాన్‌లో ఇల్లు కట్టుకుంటుంది. మోనా చనిపోయిందీ అదే ఏడాది.)

పుస్తకం అయ్యాక కూడా దయానిత మోనా దగ్గరికి వెళ్లడం మానలేదు. 2013 వెనిస్ బియనాలేలో జర్మనీ తరఫున పెట్టిన ప్రదర్శనలో 'మోనా అండ్ మైసెల్ఫ్' అనే వీడియో ఉంది. వీడియో అన్నాను గానీ కెమెరా కదలదు. మోనా దిండు మీద తల పెట్టుకుని పాత హిందీ సినిమా పాట వింటుంటారు. మొదట ఫోటో అనుకుంటాం. తర్వాత రెప్ప పడుతుంది, ఊపిరి కనిపిస్తుంది. అంతే, ఇంకేం జరగదు. 1989లో మొదలైన పరిచయానికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. వారం రోజుల ఫెస్ట్ ప్రాజెక్టులో ఇలాంటి షాట్ రాదు, ఎందుకంటే కొత్తవాళ్ల కెమెరా ముందు ఎవరూ అలా పడుకుని పాట వినరు.

ఇప్పుడు మన వైపు రైలెక్కుదాం. మొన్న సంక్రాంతి సెలవులకి కాజీపేట నుంచి సికింద్రాబాద్ వస్తున్నాను, జనరల్ బోగీ. ఒకావిడ చప్పట్లు కొడుతూ వచ్చారు. నా ఎదురు సీటు కుర్రాడు, మన వయసే, పది రూపాయలు ఇస్తూ ఇంకో చేత్తో ఫోన్ పైకెత్తాడు. ఆవిడ నోటు తీసుకోకుండా ముందు పైట మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "తమ్ముడూ, వీడియో వద్దురా. మా అమ్మ ఫోన్లో కూడా ఫేస్‌బుక్ ఉంది." గొంతులో కోపం లేదు, ఏదో రేటు చెప్పినట్టు మామూలుగా అన్నారు. కుర్రాడు సారీ అక్కా అన్నాడు, ఆవిడ కళ్ల ముందే డిలీట్ కొట్టాడు. ఆవిడ తల మీద చెయ్యి పెట్టి దీవించి పక్క బోగీకి వెళ్లిపోయారు.

లండన్ బంధువులు, అమ్మ ఫేస్‌బుక్. ముప్పై ఏళ్ల పైన తేడా ఉంది, భయం మాత్రం ఒకటే. ఇంట్లో ఒక పేరుతో, బయట ఇంకో పేరుతో బతికేవాళ్లు చాలామంది. నెలనెలా డబ్బు పంపుతూ, పండక్కి ప్యాంటు షర్టుతో ఊరెళ్లి వచ్చేవాళ్లున్నారు. 2011 జనాభా లెక్కల్లో మగ, ఆడ కాకుండా 'ఇతరులు' అని నమోదైనవాళ్లు దేశం మొత్తం మీద 4,87,803 మంది. గుమ్మంలోకి వచ్చిన ఎన్యుమరేటర్‌కి, ఇంట్లోవాళ్ల ముందు, ఆ మాట చెప్పగలిగినవాళ్ల లెక్క అది. చెప్పలేనివాళ్ల సంగతి మీరే ఊహించుకోండి. ఒక ఫోటో ఆ రెండు జీవితాల్నీ ఒక్క సెకనులో కలిపేస్తుంది.

ఆ డిలీట్ సంగతి. చాలా ఫోన్లలో డిలీట్ చేసింది 'రీసెంట్లీ డిలీటెడ్' ఫోల్డర్‌లో 30 రోజులు కూర్చుంటుంది. ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఈలోపే కాపీ సర్వర్‌కి వెళ్లి ఉండొచ్చు. గ్రూప్‌లో పడితే ప్రతి మెంబర్ గ్యాలరీలో ఒక కాపీ. మోనా చెత్తబుట్టతో పోలిస్తే ఆ అక్కకి దక్కింది డిలీట్ బటన్ బొమ్మ మాత్రమే. ఆ కుర్రాడు మంచివాడే, మనస్ఫూర్తిగానే నొక్కాడు. సిస్టమ్ డిజైన్ అలా ఉంది మరి.

అందుకే ఎగ్జిబిషన్‌కి ఎవరైనా నిజంగా ఈ పని చేద్దామనుకుంటే, లెన్స్ కంటే ముందు ఈ విషయాలు ఆలోచించాలని నా ఉద్దేశం. కన్సెంట్ ఫారం మీద సంతకం అంటే మనకి యాప్‌లో 'ఐ అగ్రీ' నొక్కడం లాంటిది, చదవకుండా నొక్కేస్తాం. మోనా కూడా మొదట ఒప్పుకున్నారు కదా. ఎక్కడ అచ్చవుతుందో తెలిశాక మనసు మారింది. కాబట్టి ఒప్పుకోలు అనేది ఒకసారి సేవ్ అయిపోయే వాల్యూ కాదు, ప్రతి కొత్త చోటికీ మళ్లీ అడగాల్సిందే. గోడ మీద ప్రింట్‌కి ఒప్పుకున్న మనిషి కాలేజీ ఇన్‌స్టాకి ఒప్పుకున్నట్టు కాదు. తర్వాత వద్దంటే తీసేయగలగాలి. అలా తీసేయడం సాధ్యం కావాలంటే కాపీలు ఎక్కడెక్కడున్నాయో ముందు నుంచీ మనకి తెలియాలి. నన్నడిగితే బ్యాకప్ ఆపేసిన ఒక్క కెమెరాతో తీసి, మెమరీ కార్డు వాళ్ల ముందే చూపించి, వద్దన్నవి అక్కడే తీసేసి, మిగిలినవాటికి ప్రింట్లు వేయించి ముందు వాళ్లకే ఇవ్వడం మంచిది.

ఫోన్‌తో తీస్తే లొకేషన్ ఆఫ్ చెయ్యండి. లేకపోతే ఫోటో ఫైల్‌లో ఎక్సిఫ్ డేటా కింద జీపీఎస్ అంకెలు కూర్చుంటాయి, అంటే ఆ మనిషి ఇంటి అడ్రస్ మీరే రాసి ఇచ్చినట్టు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. మొహం బ్లర్ చేశాం కదా అనే ధీమా కూడా వద్దు. చేతి మీద పచ్చబొట్టు, గుమ్మం రంగు, వెనకాల షాపు బోర్డు చాలు, తెలిసినవాళ్లు పట్టేస్తారు. మొహం చూపించకూడదనుకుంటే తీసేటప్పుడే చూపించకుండా తీయాలి: వంట చేస్తున్న చేతులు, దండెం మీద ఆరేసిన చీరలు, గురువు గదిలో గోడ మీద దేవుడి పటాలు. ఇవి చప్పట్ల ఫోటో కంటే నాకెప్పుడూ బాగానే కనిపిస్తాయి.

కెమెరా అటువైపు కూడా ఉండొచ్చు. ముంబైలో జోయా థామస్ లోబో అనే ట్రాన్స్ ఫోటో జర్నలిస్ట్ ఉన్నారు. లోకల్ రైళ్లలో డబ్బులు అడుక్కుంటూ బతికి, ఆ డబ్బు దాచి సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్య, బాంద్రా స్టేషన్ దగ్గర వేలమంది వలస కూలీలు ఊళ్లకి పంపమని రోడ్డెక్కినప్పుడు ఆ ఫోటోలు తీసినవాళ్లలో ఆమె ఒకరు. ఎన్నో ఏళ్లు తన వంక చూసీ చూడనట్టు తల తిప్పుకున్న రైళ్ల ఊరిని ఆమె నేరుగా చూశారు. ఎగ్జిబిషన్‌కి మన కాలేజీ బయటివాళ్ల ఫోటోలు కూడా తీసుకుంటారా అని కమిటీని అడిగాను. ఒకరిద్దరికి మనం కెమెరా అప్పిచ్చి, వాళ్లు తీసినవి వాళ్ల పేరుతోనే పెడితే ఎలా ఉంటుందని. ఆలోచిస్తామన్నారు. మీరూ ఇద్దరు ముగ్గురు అడిగితే త్వరగా ఆలోచిస్తారు.

మోనా పుస్తకం కొనాలంటే దొరకడం కష్టం, దొరికినా మన జేబుకి అందదు. దానికంటే ముందు చదవాల్సింది తెలుగులోనే ఉంది. తమిళనాడుకి చెందిన ఎ. రేవతి తన కథ తనే చెప్పుకున్న పుస్తకాన్ని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అనువదించారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక్క ఫోటో లేకుండా మొత్తం కనిపిస్తుంది. మన లైబ్రరీలో ఒకటే కాపీ ఉంది, అది ఇప్పుడు నా రూమ్‌లో ఉంది. సోమవారం తిరిగి ఇచ్చేస్తున్నాను, కావాల్సినవాళ్లు కౌంటర్‌లో ముందే పేరు చెప్పి పెట్టుకోండి.